ఏమవుతావని మన పిల్లల్ని ఎవరడిగారు?

పదో తరగతి పిల్లలకు ఈమధ్య కొన్ని బడుల్లో ఒక కాగితం ఇస్తున్నారు. నీకేమిష్టం? మిషను విప్పి మళ్లీ బిగించడం ఇష్టమా, బొమ్మలేయడం ఇష్టమా, నలుగురి ముందు నిలబడి మాట్లాడ్డం ఇష్టమా, లెక్కలు రాయడం ఇష్టమా? టిక్కు పెట్టాలి. చివర కూడిక వేసి నీ స్వభావం ఇదీ, నీకు తగిన వృత్తి ఇదీ అని చెప్తారు.

మంచిదే. మన తాతలకి ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. పుట్టిన వాడే వాళ్ల కాగితం. చెప్పులు కుట్టడం నీకిష్టమా అని మాదిగ తాతని ఎవడడిగాడు? దొర పొలంలో పాలేరుతనం నీ స్వభావానికి సరిపోతుందా అని మాల తాతని ఎవడడిగాడు? విశాఖపట్నం వీధుల్లో మలం ఎత్తిన రెల్లి అవ్వ ఏ ప్రశ్నకి టిక్కు పెట్టి ఆ పనిలోకి వచ్చింది?

ఈ కాగితం ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వలస వచ్చిన పేదల పిల్లల కోసం 1908లో ఒక సలహా కేంద్రం పెట్టాడు. ఆయన పుస్తకం ఆయన చనిపోయాక 1909లో వచ్చింది. ఆయన చెప్పినవి మూడు సంగతులు. నిన్ను నువ్వు తెలుసుకో. లోకంలో ఏయే పనులున్నాయో, వాటికి ఏం కావాలో, ఏం దొరుకుతుందో తెలుసుకో. ఆ తర్వాత రెండింటినీ కలిపి ఆలోచించు. 1959లో జాన్ హాలండ్ అనే ఇంకో అమెరికా ఆయన మనుషుల్ని ఆరు రకాలు చేశాడు. చేతిపని వాళ్లు, పరిశోధన వాళ్లు, కళాకారులు, సేవ చేసేవాళ్లు, వ్యాపార నాయకత్వం వాళ్లు, దస్త్రాల వాళ్లు. మన బడులకొచ్చే కాగితాలు చాలావరకు ఈయన వంశమే. అయితే ఆ కాగితంలో పార్సన్స్ చెప్పిన మొదటి సంగతి ఒక్కటే ఉంటుంది. రెండోది ఉండదు. మన పిల్లలకి లేనిదే ఆ రెండోది.

మా పేటల్లో పదో తరగతి పిల్లల్ని మీకు తెలిసిన ఉద్యోగాల పేర్లు రాయండర్రా అంటే ఏం రాస్తారో చెప్తాం. టీచరు, పోలీసు, డాక్టరు, కలెక్టరు, స్టీల్‌ప్లాంటు. అవును, స్టీల్‌ప్లాంటు అనేదే ఒక ఉద్యోగం పేరు! అందులో కోక్ ఓవెన్ దగ్గర మాడేవాడూ ఉన్నాడు, ప్రయోగశాలలో ఉక్కు ముక్క పరీక్ష చేసేవాడూ ఉన్నాడు, చల్లటి గదిలో జీతాల లెక్క చూసేవాడూ ఉన్నాడు. పిల్లలకి గేటు మాత్రమే తెలుసు. లోపల వాళ్ల నాన్న ఏం చేస్తాడో కూడా కొందరికి తెలీదు. ఆయన ఇంటికొచ్చి చెప్పుకునే పని కాదు కాబట్టి.

అలాంటి పిల్లకి ఆ కాగితమిస్తే ఏమవుతుంది? వయొలిన్ వాయించడం ఇష్టమా అనుంటే లేదంటుంది, వయొలిన్ ఎప్పుడు చూసింది గనక. సామాన్లు ఎత్తడం దించడం, చేత్తో పనిచేయడం ఇష్టమా అంటే అవునంటుంది, పొద్దున్న లేస్తే అదే పని గనక. కూడిక వేస్తే చేతిపని స్వభావం అని తేలుతుంది. ఏ పని మన మీద రుద్దారో అదే మన స్వభావమని అచ్చేసి ఇచ్చినట్టయింది. మనువు చెప్పినదాన్నే మార్కులేసి చెప్పడం ఇది. తేడా ఏమంటే ఈసారి టిక్కులు మన పిల్లలే పెట్టారు.

ఈ ముక్క బాబాసాహెబు 1936లోనే చెప్పాడు. లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయన్ని పిలిచి, ఉపన్యాసం చదివి బెదిరి, సభే మానుకున్నారు. ఆయన దాన్ని సొంత డబ్బుతో అచ్చేశాడు. అదే కులనిర్మూలన. కులం పనిని పంచడం కాదు, పని చేసేవాళ్లనే విడగొట్టి మెట్లు కట్టడం అన్నాడు. మనిషి తన శక్తి పెంచుకుని తన బతుకుదారి తను ఎంచుకునేలా సమాజం ఉండాలి, కులం ఆ దారి పుట్టకముందే మూసేస్తుంది అన్నాడు. మనసు పెట్టలేని పనిలో మనిషి నైపుణ్యం ఎలా చూపిస్తాడని అడిగాడు. ఒక పని పోయినప్పుడు ఇంకో పనిలోకి పోనివ్వదు గనక నిరుద్యోగానికి కూడా కులమే కారణమని లెక్కగట్టాడు. ఇష్టాయిష్టాల మీద, వృత్తి మీద ఇంతకంటే తేటగా చెప్పినవాళ్లు మాకు తెలిసి లేరు.

ఆయన బతుకే చూడండి. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. 1917లో ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో కొలువుకి చేరాడు. చదువు ఉంది, తెలివి ఉంది, ఇష్టం ఉంది. అద్దెకు ఇల్లు దొరకలేదు. పారశీల సత్రంలో పేరు దాచుకుని ఉంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కొద్దిరోజులకే బొంబాయి రైలెక్కాడు. ఏ స్వభావ పరీక్షలో ఈ ప్రశ్న ఉంటుంది? నీకు ఊళ్లో ఇల్లు ఇస్తారా అని?

ఇక్కడ ఒక మాట వస్తుంది, మనవాళ్ల నోటే వస్తుంది. ‘ఇష్టమేటండి మేస్టారూ, ఏదో ఒక పని దొరికితే సాలు. గవర్నమెంటు ఉజ్జోగమైతే మరీ మంచిది.’ తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేం. ఆకలి చూసినవాళ్లు. ఒక్క జీతం మీద ఇంట్లో నలుగురు నిలబడ్డం చూసినవాళ్లు. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. ఊళ్లు లేచిపోయాయి. 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశాడు. మన పేటల్లో ఎందరింట్లో మొదటి నెలజీతం ఆ గేటులోంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఆ జీతం మీదే మాలాంటి వాళ్లం కొందరం డిగ్రీ చదివాం, మా ఇళ్లలో మొదటి డిగ్రీలు అవి.

ఆ గేటు ఇప్పుడెలా ఉంది? 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరుపాళ్లు అమ్ముతామంది. కూర్మన్నపాలెంలో శిబిరం వేశారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ప్యాకేజీతో ఉక్కు నిలబడితే సంతోషమే. కానీ మన ప్రశ్న వేరే ఉంది. కేంద్ర సంస్థల అఖిలభారత నియామకాల్లో నూటికి 15 మనవి, ఏడున్నర గిరిజనులవి. ప్రైవేటు చేతికి పోతే ఆ లెక్క చట్టప్రకారం ఉండదు. కాంట్రాక్టరు పెట్టుకునే కూలీకి రోస్టరు ఉండదు. ఇష్టం సంగతి మాట్లాడేవాళ్లు దీని గురించి కూడా మాట్లాడాలి. దారి మూసేసి, నీకు ఏ దారి ఇష్టం బాబూ అనడం వెటకారం అవుతుంది.

ఇంకో సంగతి, చెప్పడానికే బాధగా ఉంటుంది. చీపురు వారసత్వం. తల్లి పారిశుధ్య పనిలో ఉండగా చనిపోతే కొడుక్కో కూతురికో పని ఇస్తారు. ఆ కుటుంబానికి అది కావాలి, వద్దనే హక్కు మనకి లేదు. కానీ ఇంటర్ చదివిన పిల్లకీ, డిగ్రీ చదివిన కుర్రాడికీ చేతికొచ్చేది చీపురే అవుతుంటే, గుమాస్తా పనికి చదువు సరిపోతుందా అని చూసే నాథుడే లేకపోతే, దాన్ని కారుణ్యం అనాలా? మలం చేత్తో ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చీపురు మాత్రం ఇంటిపేరులా వెంటొస్తోంది. మాల మాదిగల్లో చదువుకున్న మనం రెల్లి పేటల వైపు ఎంత చూశామన్నది కూడా సభల్లో అడగాల్సిందే. 2025లో రాష్ట్రం చేసిన వర్గీకరణలో రెల్లి వర్గానికి ఒక శాతం వచ్చింది. ఆ ఒక శాతం అందుకోడానికి పిల్లలు డిగ్రీ దాకా రావాలి కదా.

మనవాళ్లకి కళ లేదా, కుతూహలం లేదా? జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చదివి పొట్ట పోసుకున్నాడు. గుంటూరులో పంతులుగా చేశాడు. పద్యం ఆయన స్వభావం, మిగిలినవి ఆయనకు దొరికినవి. దొరికినదాన్ని పట్టుకుని స్వభావాన్ని వదలని మొండివాడు గనక 1941లో గబ్బిలం వచ్చింది. అందరూ అంత మొండిగా ఉండాలని కోరడం న్యాయం కాదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు, గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, దళిత కుర్రాడు ఆనంద్‌కుమార్, ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పుడు పదమూడేళ్లు. కొండెక్కడం ఇష్టమా అని ముందు కాగితం ఇచ్చుంటే ఏం టిక్కు పెట్టేదో? ముందు భువనగిరి గుట్టకి తీసుకెళ్లి తాడు చేతికిచ్చారు. ఇష్టం ఆ తర్వాత పుట్టింది. చాలామందికి అలాగే పుడుతుంది.

అందుకని ఆ కాగితాలు చింపేయమని మేం అనడం లేదు. పిల్లలకి ముందు చూపించండి అంటున్నాం. విశాఖలో ఏం తక్కువ? 1933లో తెరిచిన పోర్టు ఉంది, హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది, కంచరపాలెంలో ఐటిఐ, పాలిటెక్నిక్ ఉన్నాయి, కెజిహెచ్ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, కోర్టు ఉంది, రేడియో స్టేషను ఉంది. కార్పొరేటు కాలేజీ వాళ్ల ఏజెంట్లు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు చూపించేవి రెండే, ఇంజనీరింగూ మెడిసినూ. వాళ్లకి పిల్ల స్వభావంతో పనిలేదు, ఫీజుతో పని.

సంఘం కార్యకర్తలు ప్రతి పేటలో ఒక నోటుబుక్కు పెట్టండి. మన వాళ్లలో ఎవరు ఏ పనిలో ఉన్నారో రాయండి. వెల్డరు, నర్సు, క్రేన్ డ్రైవరు, లాబ్ టెక్నీషియను, వకీలు, డప్పు కళాకారుడు, ఎవరైనా. ఆదివారం ఒక్కొక్కరిని పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టండి. జీతమెంత, ఏం చదివావు, పనిలో ఏం బాగుంటుంది, ఏం బాగోదు, అక్కడ కులం ఎలా తగుల్తుంది, అన్నీ పిల్లల్నే అడగనివ్వండి. ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి, వెనకైతే నోరు విప్పరు. ఐటిఐ, పాలిటెక్నిక్ ప్రవేశాల నోటిఫికేషన్లు వచ్చాక తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు కులధృవీకరణ, ఆదాయ పత్రాలు పరీక్షలకి ముందే తీయించి పెట్టుకోండి.