ఆదివారం ఊరికే రాలేదు



మన ఇంట్లో గోడమీది క్యాలెండర్ చూడండి. పండుగలుంటాయి, నాయకుల జయంతులుంటాయి. ఆదివారాలు ఎర్ర అంకెల్లో ఉంటాయి. కాని ఆ ఎర్ర అంకెను మిల్లు కార్మికుడికి సంపాదించి పెట్టిన రోజు అందులో ఉండదు. అది 1890 జూన్ 10.

అంతకు ముందు బొంబాయి మిల్లుల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా పనే. వారానికో రోజు సెలవనే నియమం లేదు. ఫూలే సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టారు. ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన వారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి మన తెలుగువారూ ఉన్నారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, మరుసటి నెల 15వ తేదీలోగా జీతం, గాయపడితే పరిహారం కావాలని 5,500 మంది అర్జీ పెట్టారు. ఎవరూ వినలేదు. ఆరేళ్లు పట్టు విడవలేదు. 1890 ఏప్రిల్ 24న పదివేల మంది సభ జరిపారు. ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా లేచి మాట్లాడారు. చివరికి జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. ఆ రోజు మంగళవారం! మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలోనూ వారపు సెలవు చేరింది.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? ఆదివారం కూడా షిఫ్టుకు రమ్మంటే పోతున్నాం. బదులు సెలవు అడగడం లేదు. కాంట్రాక్టు కార్మికుడు రానంటే సోమవారం గేటు దగ్గరే ఆపేస్తున్నారు. మరమగ్గాల షెడ్లలో పీసు లెక్కన నేసేవాడికి సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే.

"నాలుగు డబ్బులు వస్తాయి గదా" అని మనలోనే కొందరంటారు. వారిని తప్పు పట్టం. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె మాకూ తెలుసు. కాని ఆరు రోజుల కూలితో ఇల్లు గడవనప్పుడు అడగవలసింది ఏడో రోజు పని కాదు, ఆరు రోజులకే చాలినంత కూలి. ఒకరు ఆదివారం అమ్ముకుంటే పక్క సాంచావాడికీ అదే గతి పడుతుంది.

అందుకే మేము కోరేది ఒకటే. క్యాలెండర్‌లో జూన్ 10 చుట్టూ మీ చేత్తో ఒక గీత గీయండి. ఆ రోజు గేటు మీటింగుకు కాంట్రాక్టు కార్మికులనూ వెంట తీసుకురండి. వారపు సెలవు, ఆ సెలవుకు కూలి ఈసారి మన కోర్కెల పత్రంలో మొదట ఉండాలి.