పాము ఎన్‌క్లోజర్‌కి స్మార్ట్ ప్లగ్ కాదు, థర్మోస్టాట్ కొనండి

వైఫై స్మార్ట్ ప్లగ్, ఆర్‌జీబీ లైట్లు, 24 గంటల కెమెరా. బాల్ పైథాన్ సెటప్ అనగానే ఫ్రెండ్స్ అడిగేది వీటి గురించే. నా ఓటు మాత్రం ఏ యాప్‌కీ కనెక్ట్ కాని మామూలు థర్మోస్టాట్‌కి. సికింద్రాబాద్‌లో అయితే అది కూడా సగం పనే చేస్తుంది.

గ్యాడ్జెట్ల కంటే ముందు చట్టం. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ... వీటిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లోకి పాము వస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్లకి ఫోన్ చేయాలి, అంతే. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. సైటిస్ జాబితాలో ఉంది కాబట్టి, 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. షాపు బిల్లు ఒక్కటే చాలదు.

ఇక అసలు విషయం. పాము తన ఒంటికి కావాల్సిన వేడిని బయటి నుంచే తీసుకుంటుంది. చోటు మారుతూ సర్దుకుంటుంది. అందుకే ఎన్‌క్లోజర్‌లో ఒక వైపు 31-32 డిగ్రీలు, ఇంకో వైపు 25-27 డిగ్రీలు ఉండాలి. హీట్ మ్యాట్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి టైమర్ సెట్ చేస్తే, దానికి టైమ్ తెలుస్తుంది కానీ వేడి తెలియదు. సెన్సర్ వేరే పెట్టి యాప్‌తో నడిపినా, నెట్ పోయినప్పుడు ‘ఆఫ్’ కమాండ్ అందకపోతే మ్యాట్ కాలుతూనే ఉంటుంది. పాము పొట్ట కాలిపోవచ్చు. ప్రోబ్ ఉన్న థర్మోస్టాట్‌కి నెట్‌తో పనే లేదు. వేడి హద్దు దాటగానే కట్ చేస్తుంది.

మరి సగం పనే అని ఎందుకన్నాను? థర్మోస్టాట్ హీటర్‌ని ఆపగలదు, గదిని చల్లబరచలేదు. డిసెంబర్ రాత్రుల్లో సూపర్. మే మధ్యాహ్నం బయట 40 దాటి, పై అంతస్తు గది కూడా కాగిపోతుంటే, ఎన్‌క్లోజర్‌లో ‘చల్లని వైపు’ అనేదే ఉండదు. చలి దేశాల కోసం రాసిన సెటప్ గైడ్లు ఈ సమస్య జోలికే పోవు. ఏసీ ఉందంటారా? కరెంట్ పోతే చాలా ఇళ్లలో ఇన్వర్టర్ మీద ఫ్యానే తిరుగుతుంది.

నా వెర్డిక్ట్: ముందు తాళం పడే ఎన్‌క్లోజర్, థర్మోస్టాట్, రెండు వైపులా రెండు థర్మామీటర్లు. కెమెరా చివర్లో. అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న: మే మధ్యాహ్నం మూడు గంటలు కరెంట్ పోతే మీ ప్లాన్ ఏంటి? జవాబు లేకపోతే పాముని కొనకండి.