తుంటి ఎముక క్షీణతకు మూలకణ చికిత్స: ఎముక కుంగకముందే ఫలితం

తొడ ఎముక తలకు రక్తసరఫరా తగ్గి అందులోని కణాలు నశించే స్థితిని వైద్యులు అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. తొడ ఎముక మెడ విరగడం, స్టెరాయిడ్ల వాడకం, అతిగా మద్యం సేవించడం, సికిల్ సెల్ రక్తహీనత ఇందుకు ప్రధాన కారణాలు. ఎముక తల కుంగిపోతే చాలామందికి కృత్రిమ కీలు అమర్చవలసి వస్తుంది. ఆ కీలుకు మన్నిక కాలం ఉన్నందున, చిన్న వయసు రోగికి మరోసారి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. సొంత ఎముకను నిలుపుకొనే మూలకణ చికిత్సపై ఆసక్తికి కారణమిదే.

ఈ పద్ధతిలో రోగి కటి ఎముక నుంచి మజ్జను సేకరించి, అందులోని కణాలను సాంద్రపరచి, సన్నని రంధ్రం ద్వారా దెబ్బతిన్న భాగంలోకి ఎక్కిస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఎర్నిగూ, సహ పరిశోధకుడు 116 మంది రోగుల 189 కీళ్ల ఫలితాలను 2002లో ప్రచురించారు. ఎముక కుంగకముందు చికిత్స పొందిన 145 కీళ్లలో 9 కీళ్లకే మార్పిడి అవసరమైంది. కుంగిన తరువాత చికిత్స పొందిన 44 కీళ్లలో 25 కీళ్లను మార్చవలసి వచ్చింది. ఈ అధ్యయనంలో పోల్చి చూడడానికి వేరే చికిత్స పొందిన బృందం లేదన్నది గమనార్హం. అయితే మూడవ దశ రోగులపై బెల్జియం పరిశోధకులు జరిపి 2018లో ప్రకటించిన నియంత్రిత పరీక్షలోనూ మజ్జ కణాల వల్ల ప్రయోజనం కనబడలేదు. వ్యాధి ఏ దశలో ఉన్నదో చెప్పకుండా విజయాల శాతాన్ని మాత్రమే చూపే ప్రకటనలను పాత్రికేయులు ఈ నేపథ్యంలోనే పరిశీలించవలసి ఉంటుంది.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2007లో వెలువరించిన మార్గదర్శకాల శీర్షికలో 'చికిత్స' అనే పదం ఉండేది. 2013లో దానిని తొలగించారు. 2017 సవరణ ప్రకారం, ఆమోదిత రక్త సంబంధ వ్యాధుల వంటివి మినహా, మూలకణాలను రోగులపై ప్రయోగించడం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలకూ వర్తిస్తుంది. రక్తపరీక్షలో సికిల్ సెల్ వ్యాధి నిర్ధారణైన వ్యక్తికి తరువాత గజ్జల్లో నొప్పి మొదలైతే, తొలిదశలో ఎక్స్‌రే సాధారణంగానే కనిపించవచ్చు. ఎం.ఆర్.ఐ.తోనే మార్పు తెలుస్తుంది. ఆ పరికరం పెద్ద పట్టణాల ఆసుపత్రులలోనే ఎక్కువగా ఉన్నందున, ఏజెన్సీ గ్రామాల రోగులను సకాలంలో అక్కడికి పంపే ఏర్పాటు లేనిదే, మజ్జ కణాలు పనిచేయగల దశ దాటిపోయాకే వ్యాధి బయటపడుతుంది.