మెండోజా పక్కన మనవాడు

2015 డిసెంబరు 20, గోవాలోని ఫటోర్డా మైదానం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్. ఆట ముగింపుకొస్తుండగా చెన్నైయిన్ మీద గోవా 2-1తో పైచేయి సాధించింది. 90వ నిమిషంలో గోవా గోల్‌కీపర్ కట్టిమణి మీదుగా బంతి సొంత గోల్‌లోకే పోయింది. మరో రెండు నిమిషాలకు స్టీవెన్ మెండోజా గోల్ కొట్టాడు. 3-2తో కప్పు చెన్నైయిన్‌ది. అంతకుముందు అదే మెండోజా కొట్టిన పెనాల్టీని అదే కట్టిమణి ఆపేశాడు. పెనాల్టీ పోయాక కూడా బంతి వచ్చే చోటు వెతుక్కుంటూ వెళ్లినవాడే స్ట్రైకర్. ఆ గుణానికి నేను దండం పెడతాను.

మెండోజాది కొలంబియాలోని పాల్మీరా. చెరకు పండే సీమ. అమ్ముండి చక్కెర మిల్లుకు పోయే చెరకు బళ్లు చూసి పెరిగిన మన వేలూరువాళ్లకు ఆ ఊరు మరీ పరాయిదనిపించదు. 2014లో మొదటి ఐఎస్‌ఎల్‌కే చెన్నై వచ్చాడు. మరుసటి ఏడు బ్రెజిల్ క్లబ్బు కొరింథియన్స్ నుంచి అద్దె మీద మళ్లీ వచ్చి 13 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. ఆ ఏడు వరదల్లో చెన్నై మునిగింది. సొంత మైదానంలో జరగాల్సిన సెమీఫైనల్‌ను పుణెకు మార్చారు. ఊరు నీళ్లలో ఉండగా జట్టు అక్కడ కోల్‌కతాను 3-0తో ఓడించింది. తర్వాత మెండోజా న్యూయార్క్ సిటీకి, ఫ్రాన్స్‌లో అమియాన్‌కు, తిరిగి బ్రెజిల్‌లో సియారాకు, సాంతోస్‌కు ఆడాడు.

అతన్ని తెచ్చుకోవడం మంచి పనే. నా బాధ వేరే. ఐఎస్‌ఎల్‌లో మొదటి మూడేళ్ల గోల్డెన్ బూట్లూ దక్షిణ అమెరికావాళ్లవే: ఎలానో, మెండోజా, మార్సెలీన్యో. ఆ తర్వాత 2024-25 దాకా ఎన్ని సీజన్లు గడిచినా ఆ బూటు ఒక్క భారతీయుడికీ దక్కలేదు. మైదానంలో విదేశీయుల సంఖ్యను ఆరు నుంచి నాలుగుకు తగ్గించారు. అయినా క్లబ్బులు గోల్ కొట్టే చోటును మాత్రం వాళ్లకే అట్టిపెడుతున్నాయి. గెలుపు కావాలి, అదీ ఈ వారమే కావాలి. మన కుర్రాడు నాలుగు అవకాశాలు పోగొట్టుకుని అయిదోది నేర్చుకునేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు.

దాని ఫలితం 2025 మార్చిలో అందరం చూశాం. రిటైరైన స్ట్రైకర్ సునీల్ ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో జాతీయ జట్టు వెనక్కి పిలిచింది. ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో. 1962 జకార్తా ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టులోని ఫార్వర్డ్ తులసీదాస్ బలరామ్‌దీ ఆ సికింద్రాబాదే. ఊపిరితిత్తుల జబ్బు బలరామ్ ఆటను ఇరవై ఏడేళ్లకే ఆపేసింది. ఆయన తరంలో హైదరాబాదు కోచ్ రహీం మన పిల్లల్ని నమ్మి ముందు వరసలో ఆడించాడు. అప్పుడు సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు?

2015లోనే దీనికి సమాధానం ఉంది. పుణె సెమీఫైనల్లో గోల్స్ కొట్టినవాళ్లలో మెండోజాతో పాటు మిజోరం కుర్రాడు జేజే కూడా ఉన్నాడు. చెన్నైయిన్ కోచ్ మతెరాజీ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టకుండా మెండోజా పక్కనే ఆడించాడు. జేజే ఆ తర్వాత జాతీయ జట్టుకూ నమ్మకమైన ఫార్వర్డ్ అయ్యాడు. విదేశీ స్ట్రైకర్‌ని తెచ్చుకునే ప్రతి క్లబ్బూ ముందు వరసలో ఇరవై మూడేళ్ల లోపు భారతీయుడొకడిని మొదటి నిమిషం నుంచి ఆడించాలని ఐఎస్‌ఎల్ నియమం పెట్టాలి. గుడియాత్తంలో, వేలూరులో ఈరోజు బంతి తంతున్న పిల్లలకు ఆ చోటు కావాలి.