సంపాదకుని మాట: అక్కి మానాక మిగిలే మంట

గోదావరి పల్లెల్లో పెద్దవాళ్లకు అక్కి లేచిందంటే ముందు గుర్తొచ్చేది ఎర్రమట్టి పూత, ఆ తర్వాతే డాక్టరు. తంటా అంతా ఆ వరసతోనే. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మళ్లాక పైకి లేస్తుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ మొదలుపెడితేనే మేలు ఎక్కువ.

పొక్కులు ఎండినా కొందరికి చొక్కా తగిలితే చాలు, నెలల తరబడి భగ్గుమంటుంది. విసిగిపోయినవాళ్లు చైనా సూదుల వైపు చూస్తారు. ఆక్యుపంక్చర్‌ను కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో చికిత్సా పద్ధతిగా గుర్తించిన మాట నిజమే. నరాల నొప్పికి అది పనిచేస్తుందనడానికి చాలినంత రుజువు లేదని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చిన మాటా నిజమే.

అసలు భయం కషాయాలతో. చైనా వైద్యులు అక్కికి ఇచ్చే లాంగ్‌డాన్ షియెగాన్‌లో ఒకప్పుడు అరిస్టలోకియా జాతి తీగ పడేది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని చైనాయే 2003లో దాన్ని పక్కనపెట్టింది. మన పాముకాటు నాటుమందు నల్లేశ్వరిదీ అదే జాతి!

అక్కి మానాక మిగిలే మంటకు వాడే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ మాత్రలు ఎవరికి నప్పుతాయో, 50 దాటినవారికి 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్న రెండు డోసుల షింగ్రిక్స్ టీకా సంగతేమిటో లోపలి పేజీల్లో వైద్యులు వివరించారు.