వంతెన మొగదల బస్తీలు

మూసీ మీద కొత్త వంతెనల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లోనూ టీవీల్లోనూ రెండు మాటలే వినిపిస్తున్నాయి. పురానాపూల్ భాగమతి కోసం కట్టిన ప్రేమ వంతెన అన్నది ఒకటి. నది అడ్డం కావడం వల్లే పాతబస్తీ వెనకబడిందని, నాలుగు వంతెనలు వేస్తే నగరం ఒక్కటవుతుందని రెండోది. మొదటి మాట తేదీల ముందు నిలవదు. రెండోది అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే దాని మీద ఆధారపడి పథకాలు తయారవుతాయి.

పురానాపూల్ 1578లో పూర్తయింది. కట్టించింది గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా. ఆయన కొడుకు మహమ్మద్ కులీకి అప్పటికి పన్నెండు పదమూడేళ్లు. భాగమతి మీద ఆ పసివాడి ప్రేమ కోసం తండ్రి ఇరవై రెండు కమానుల రాతి వంతెన ఎత్తాడంటే నమ్మేదెలా? చార్మినార్ వచ్చింది 1591లో, అంటే వంతెన తర్వాత పదమూడేళ్లకు. వంతెన ఉంది గనుకనే నగరం అవతలి ఒడ్డుకు వెళ్లింది. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే బాట మీద సాగిన వర్తకం ఆ వంతెనకు అసలు కారణమని నా అభిప్రాయం.

ఆ వంతెన రెండు ఒడ్లనూ ఒకేలా మార్చిందా? పదిహేడో శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే కళ్లకు కట్టినట్టు రాశాడు. నగరం లోపల ఉండేది దొరలు, రాజోద్యోగులు, సైనికులు. వర్తకులు, దలాళ్లు, చేతిపనివాళ్లు ఉండేది కోసెడు పొడవున్న శివారు పేటలో. వాళ్లు పొద్దున పది పదకొండింటికి నగరంలోకి వెళ్లి, పరదేశి వర్తకులతో బేరాలు చూసుకొని, సాయంత్రం నాలుగైదింటికల్లా ఇళ్లకు తిరిగొచ్చేవారు. వంతెన కట్టి డెబ్బై ఏళ్లు దాటినా ఎవరి పేట వారిదే, ఎవరి తీరు వారిదే. తర్వాత నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో నయాపూల్ వచ్చాక, దాని మొగదల అఫ్జల్‌గంజ్ గింజల బజారు వెలసింది.

చాదర్‌ఘాట్ కథ దగ్గర మాత్రం ఆగి చూడాలి. పాతబస్తీ, కొత్త నగరం అంటూ మనం గీసుకున్న గీత అక్కడే పడింది. 1831లో కల్నల్ ఆలిఫెంట్ కట్టిన ఈ వంతెన నిజాం కోటగోడల నగరాన్ని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకి దగ్గర చేసింది. కానీ వంతెన దిగి కాస్త ముందుకు పోతే చట్టమే మారిపోయేది. రెసిడెన్సీని ఆనుకొని పెరిగిన బజార్లలో, అంటే నేటి సుల్తాన్ బజార్ ప్రాంతంలో, నిజాం కొత్వాలు అధికారం చెల్లేది కాదు. అక్కడ రెసిడెంటుదే పాలన. సాహుకారు తన సొమ్మును ఏ ఒడ్డున దాచుకోవాలో తేల్చింది నదీ ప్రవాహం కాదు, ఈ అధికార పరిధి. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నేటికీ సుల్తాన్ బజార్‌లోనే ఉంది. తెలుగువారి గ్రంథాలయం ఈ ఒడ్డున నిలదొక్కుకోవడాన్ని యాదృచ్ఛికమని నేను అనుకోను.

దీనికి తోడు 1886లో చాదర్‌ఘాట్‌కు వేరే మునిసిపాలిటీ ఏర్పాటైంది. ఒకే నగరానికి రెండు మునిసిపాలిటీలు, రెండు ఖజానాలు. 1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చాయి. చాదర్‌ఘాట్ కూడా హైదరాబాద్‌లో కలిసింది ఆ ఏడాదే. దాదాపు అర్ధశతాబ్దం పాటు పన్నులూ పాలనా వేరుగా సాగాక మిగిలిన తేడాను నది మీద వేయడం అన్యాయం. ఆ కాలమంతా వంతెనలు ఉన్నాయి!

1908 వరద తర్వాత ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు ఒడ్డున హైకోర్టు ఎదురెదురుగా లేచాయి. రోగి ఇటు, కక్షిదారు అటు నయాపూల్ దాటారు. ఒడ్లను కలిపింది ఆ రాకపోకలే. ఇప్పుడు కొత్త హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అవతలి ఒడ్డు నుంచి పనిని తరలిస్తూ అక్కడికి వంతెనలు వేస్తామంటే ఏం ప్రయోజనం?

ట్రాఫిక్ కష్టం నిజమే, కాదనను. అయినా పురానాపూల్ మీద నిలబడి చూడండి. వాహనాలు పక్క వంతెన మీదుగా పోతుంటే, దీని మీద గోనెపట్టాలు పరుచుకొని కూరగాయలు అమ్ముతున్నారు. ఆ రాళ్ల మీద టమాటాల గుట్టలు, కొత్తిమీర కట్టలు. అది ఆక్రమణ కాదు, నాలుగు వందల ఏళ్ల నాటి పనికి కొనసాగింపు.

కొత్త వంతెన నమూనా బొమ్మ విడుదల చేసే రోజునే, దాని రెండు చివర్లా ఎవరు బతుకుతున్నారో, వారిలో ఎవరిని ఎక్కడికి పంపదలచారో ఆ జాబితాను కూడా ప్రభుత్వం బయటపెట్టాలి. పత్రికలు ముందు అడగాల్సింది ఆ జాబితానే.