చర్చి బడి స్కౌట్ దళంలో మన అబ్బాయి: అడగాల్సిన ప్రశ్న ఏది?

2025 జనవరి 28 నుంచి ఫిబ్రవరి 3 వరకు తిరుచ్చి జిల్లా మణప్పారైలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వజ్రోత్సవ జాంబోరీ జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన వేలాది పిల్లలు సిప్కాట్ ఆవరణలో గుడారాలు వేసుకుని వారం రోజులు గడిపారు. స్కౌట్స్ ప్రస్తావన వస్తే కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల మన ఇళ్లలో ఒక సందేహం కూడా వెంట వస్తుంది. అబ్బాయి చదివేది చర్చి బడి, దళాన్ని నడిపేదీ చర్చే. చేర్పిస్తే మన ఆచారానికి ఏమైనా ఇబ్బందా?

ఈ సందేహం ఊరికే పుట్టలేదు. చర్చికీ మగపిల్లల దళాలకీ సంబంధం పాతది. 1883లో గ్లాస్గోలో విలియం అలెగ్జాండర్ స్మిత్ చర్చి పిల్లల కోసం బాయ్స్ బ్రిగేడ్ మొదలుపెట్టాడు. 1907లో బేడెన్ పావెల్ బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన తొలి స్కౌట్ శిబిరానికి వచ్చిన ఇరవై మంది పిల్లల్లో కొందరు ఆ బ్రిగేడ్ వాళ్లే. మన దక్షిణ జిల్లాల్లోనూ మిషనరీలు పాళయంకోట్టై మొదలుకొని ఊరూరా బడులు పెట్టారు. మన తాతల కాలం నుంచీ తెలుగు ఇళ్ల పిల్లలు ఆ బడుల్లో చదువుకుంటూనే ఉన్నారు.

అయితే స్కౌట్ నియమాల్లో మతం మార్చే మాట లేదు. ఎవరి విశ్వాసం వారిదే. భారత్ స్కౌట్స్ ప్రతిజ్ఞలో 'దేవుడు' అన్న చోట 'ధర్మం' అని చెప్పుకోవచ్చు. కాబట్టి అసలు అడగాల్సింది వేరే ఉంది. పిల్లవాడు శిబిరానికి వెళ్లిన రాత్రి, వాడికి పూచీ ఎవరిది?

అమెరికా అనుభవం చూడండి. అక్కడ దళాల్లో చాలా భాగం చర్చిల ఆధ్వర్యంలోనే నడిచేవి. అన్నిటికంటే పెద్ద స్పాన్సరు మార్మన్ చర్చి 2019 చివర్లో తప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా దివాలా పిటిషన్ వేసింది. చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురయ్యామంటూ 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. పరిహార నిధి 246 కోట్ల డాలర్లకు చేరింది. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి తన వంతుగా 3 కోట్ల డాలర్లు ఇచ్చింది. బోర్డు మీద పేరు పెట్టించుకున్నవాళ్లు బాధ్యత కూడా మోయాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు? 2024 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో జరిగిన ఎన్‌సీసీ శిబిరం నకిలీదని తేలింది. అప్పటికే ఒక ఆడపిల్లకు జరగరాని ఘోరం జరిగిపోయింది. యూనిఫాం వేసుకొచ్చినవాణ్ని 'మీ అనుమతి పత్రం ఏదీ?' అని ముందే నిలదీసి ఉంటే ఆ శిబిరం జరిగేదే కాదు.

కాబట్టి చర్చి దళమైనా, మరొకరి దళమైనా నాలుగు విషయాలు తేల్చుకోవాలి. దళానికి జిల్లా స్కౌట్ సంఘం గుర్తింపు ఉందా? మాస్టరు శిక్షణ పొందినవాడేనా? శిబిరంలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉంటారా? తల్లిదండ్రులు ఏ వేళ వచ్చినా చూడనిస్తారా? వీటికి సూటిగా జవాబిచ్చే చర్చి దళంలో మన పిల్లవాణ్ని నిశ్చింతగా చేర్చవచ్చు. జవాబు దాటవేస్తే, నడిపేది మనవాళ్లే అయినా పంపకూడదు.

ఇక మన సంఘాల సంగతి. స్కౌట్ దళాన్ని బడో, చర్చో, మరో సంస్థో పూచీపడి నడపవచ్చు. ఏ సంస్థకూ చెందని 'ఓపెన్ గ్రూపు' కూడా పెట్టుకోవచ్చు. మన సంఘాలకు కల్యాణ మండపాలున్నాయి, ముహూర్తాలు లేని నెలల్లో అవి తాళం వేసే ఉంటాయి. ఒక దళానికి నలుగురైదుగురు పెద్దలు, ముప్పై మంది పిల్లలు, వారానికి రెండు గంటలు చాలు.

దీనికి దారి చూపిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. భారతీయ పిల్లల్ని స్కౌట్స్‌లో చేర్చుకోని రోజుల్లో, 1916లో, అనిబిసెంట్ మద్రాసులో వేరే స్కౌట్ సంఘం పెట్టారు. తలపాగా, మన పాటలు అందులోకి వచ్చాయి. 1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు ఆ సంఘం ప్రధాన సంస్థలో కలిసింది. మనది మనం నిలబెట్టుకుని తర్వాత అందరితో కలవడమంటే అదే.

మనకు ఇంకో లాభం కూడా ఉంది. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడుల్లో తెలుగు చదివే దారి ఇరుకైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా తెలుగు అక్షరం రాని పరిస్థితి. ముడులు వేయడం, వంట చేయడం, నక్షత్రాలు గుర్తుపట్టడం తెలుగులో నేర్పితే భాష పాఠంలా అనిపించదు, ఆటలో కలిసిపోతుంది. చుట్టుపక్కల తమిళ పిల్లలు వచ్చినా కాదనకూడదు. ఆడపిల్లలకు గైడ్స్ విభాగం ఉంది, వాళ్లనూ మరవకూడదు.

రాష్ట్రపతి పురస్కారం దాకా వెళ్లిన పిల్లలకు రైల్వేలో స్కౌట్స్ కోటా కింద ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకునే వీలుంది. అది అదనపు ఫలం. వారానికి రెండు గంటలు మన పిల్లల కోసం నమ్మకంగా వచ్చి నిలబడే పెద్దలు దొరకడం అంతకంటే ముఖ్యం. జూన్‌లో బడులు తెరిచేలోపు మీ సంఘం సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టండి: మండపం తాళం ఎవరు తీస్తారు, పిల్లలకు పూచీ ఎవరు పడతారు?